గోడ అవతలి దాహం

నిన్న బియ్యం డబ్బా అడుగంటితే నా నోట అనుకోకుండా "ఖలాస్" అని వచ్చింది. అదేం మాట నానమ్మా అని మనవరాలు నవ్వితే, అయిపోయిందని అర్థంలే అని చెప్పాను గానీ, ఆ ఒక్క మాట వెంట షార్జాలో నేను ఇంటిపని చేసిన ఆరేళ్లూ కదిలొచ్చాయి.

ఎనభైల మొదట్లో సంగతి. మా గోదావరి పల్లెల నుంచి ఆడవాళ్లు ఒక్కరొక్కరుగా విమానం ఎక్కుతున్న రోజులవి, నా ఈడువాళ్లకి గుర్తుండే ఉంటుంది. నేను చేరిన ఇంట్లో మూడు కార్లు, గదికో ఏసీ ఉండేవి. నాకు వంటింటి వెనక బియ్యం బస్తాల గదిలో ఒక చాప ఇచ్చారు. యజమానిని బాబా అని పిలిచేదాన్ని. నా పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉండేది. చెప్పకుండా గేటు దాటకూడదన్నది ఆ ఇంటి కట్టుబాటు. ఆ దేశంలో అందరూ కలిగినవాళ్లేనని అనుకున్నాను, పక్క స్థలంలో కొత్త ఇల్లు మొదలయ్యేదాకా.

బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్తే అక్కడి కూలీలు కనిపించేవారు. చెక్కలు కొట్టి కట్టుకున్న ఒక్క గదిలో పదిమంది ఉండేవారు, తాగడానికి వాళ్లకున్నది ఎండలో నిలబెట్టిన ఇనుప డ్రమ్ములో నీళ్లే. ఒకరోజు వాళ్ల మాటలు చెవిన పడి, తడిబట్ట చేతిలోనే ఉండిపోయింది. నిజామాబాద్ వైపు యాస, అయినా తెలుగే. ఇంకొకరి నోట ఆ భాష విని రెండేళ్లయింది. పైనుంచే పలకరించాను.

ఆ ఎండాకాలం ఒక మిట్టమధ్యాహ్నం వాళ్లలో పెద్దాయన ఇటుకలు మోస్తూ కుప్పకూలిపోయాడు. మిగతావాళ్లు నీడకి లాగి ముఖాన నీళ్లు చల్లుతున్నారు, ఆ నీళ్లేమో కాగిపోయి ఉన్నాయి. నాకు కాళ్లు ఆగలేదు. ఫ్రిజ్‌లో పెరుగంతా చిలికి, ఉప్పు, ఐసు వేసి, గిన్నెడు మజ్జిగ పట్టుకుని గేటు దాటేశాను. కాసేపటికి తేరుకున్నాక ఆయనకి కొద్దికొద్దిగా పట్టించాం.

తిరిగొచ్చేసరికి బాబా భార్య, మేడమ్, గుమ్మంలో నిలబడి ఉంది. సాయంత్రం బాబా హాల్లోకి పిలిపించి, టిక్కెట్టు తీసి ఇంటికి పంపేస్తానన్నాడు. నా జీతం మీదే బతుకుతున్న ఇద్దరు పిల్లలూ, అమ్మా కళ్లలో మెదిలారు. తప్పయిందంటే సరిపోయేదేమో, ఆ మాట మాత్రం నోరు దాటలేదు. వచ్చీరాని అరబ్బీలో అన్నాను:

"వాళ్లు నా మనుషులు బాబా. రేపు మళ్లీ పడిపోతే మళ్లీ వెళ్తాను."

అంతవరకూ మూలన జపమాల తిప్పుకుంటున్న బాబా తల్లి తలెత్తింది. తన చిన్నతనంలో ఈ ఊళ్లో తాగేనీళ్లు గాడిదల మీద వచ్చేవని, ఇంటికి ఒక డబ్బాయే పోసేవారని, ముత్యాల వేటకి వెళ్లిన తండ్రి వచ్చేదాకా తమ్ముళ్లకి పోసి తాను నాలుక తడుపుకుని ఊరుకునేదాన్నని చెప్పింది. తర్వాత కొడుకు వైపు తిరిగి, మెల్లగా అంది: "రేపటినుంచి గేటు తీసి ఉంచు."

ఇల్లు పూర్తయ్యేదాకా రోజూ మధ్యాహ్నం మజ్జిగ తీసుకెళ్లాను. ఆ ముసలావిడే పెరుగు ఎక్కువ తెప్పించేది. చివరికి వాళ్లు ఊరవతల సజ్జా వైపు ఏదో ఫ్యాక్టరీ పనికి లారీ ఎక్కిన పొద్దున, ఆ పెద్దాయన దిగి గేటు దగ్గరికొచ్చాడు.

"నీ చేతి సల్ల తాగి బతికిన చెల్లె. షార్జాల నాకొక చెల్లె ఉన్నదని ఇంటికి ఉత్తరం రాయించిన."

పెరుగు వాళ్లదే కావచ్చు, గేటు దాటిన కాళ్లు మాత్రం నావి. మిగతా ఏళ్లూ ఆ చాప మీదే పడుకున్నా, నేను ఎవరికన్నా తక్కువని ఆ తర్వాత ఎన్నడూ అనిపించలేదు.

ఇప్పుడు మా వీధిలోనూ అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. కట్టేవాళ్లు ఒడిశా నుంచో బెంగాల్ నుంచో వచ్చి రేకుల షెడ్డులో ఉంటున్నారు. మా ఇళ్లకీ ఏసీలొచ్చి పట్టపగలే తలుపులు మూసుకుంటున్నాం. వాళ్ల భాష ఈ వీధిలో ఎవరికీ రాదు. ఎండలో ఒకళ్లనొకళ్లు ఏమని పిలుచుకుంటారో చెవిపెట్టి వినేవాళ్లూ లేరు.