కళ్యాణదుర్గం బస్సులో పాయింట్ గార్డ్

ఇందులో ప్రతి మాటా నిజమని మా తాత మీసం మీద ఒట్టు.

గుంతకల్లులో రైలందుకోవాలని కళ్యాణదుర్గంలో బస్సెక్కి, వెనక సీట్లో ఇరుక్కున్నాను. పక్కనున్న రైతుకు బాస్కెట్‌బాల్ చరిత్రలో గొప్ప పాయింట్ గార్డులెవరో వరుసగా చెప్పుకొచ్చాను.

“వాడేం జేస్తాడప్పా?” అన్నాడాయన.

“బంతి ఎవరికి అందాలో చూసి అందిస్తాడు. ఆట నడిపేది వాడే.”

“అట్లయితే మా కండక్టరక్కే ఫస్టు. నీ అమెరికావోళ్ళంతా ఆయమ్మ తర్వాతనే!”

స్టేషన్ దగ్గర బస్సాగేసరికి రైలు కూత వినిపించింది. జనంలో నేను కదల్లేకపోయాను. ముందునుంచి కండక్టరక్క అరిచింది: “స్టేషన్ కాడ దిగే అన్న యాడుండాడు? ఆ బ్యాగు ఈడికి అందీయండప్పా!”

బ్యాగు తలల మీదుగా చేతులు మారుతూ వెళ్ళింది. దాని వెనకే నడిచి నేనూ దిగాను. రైలు దొరికింది. ఆ చేతులన్నిటికీ ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

ఒక్క ముక్క మాత్రం కల్పించాను. నేను నడిచి దిగలేదు. బ్యాగు వెనకే నన్నూ అలాగే అందించారు.