మడతల పెదనాన్న, ఒకే ఒక్క ఫ్లాపీ

మడతల పెదనాన్నకి ఒకటే పిచ్చి. ఏ వస్తువైనా సగం చోటులో పట్టాలి. గొడుగు మడిచి బూటులో దూర్చేవాడు. బూట్లు బాల్చీలో, బాల్చీ మంచం కింద. ఆ మంచం కూడా మడతమంచమే. ఆయన చదివేసిన వార్తాపత్రిక అగ్గిపెట్టెంత అయ్యేది.

కంప్యూటర్ కూడా చిన్నదని ముచ్చటపడి కొన్నాడు. ఆ కంపెనీ నాలుగు కంప్యూటర్లు అమ్మి మూతపడింది. పక్కవాటాలో బట్టలు కుట్టే ఆవిడ కత్తిరింపు కొలతలన్నీ అందులో ఎక్కించి పెట్టాడు, మూడొందల నలభై ఫైళ్లు. ఆవిడ కాగితాలు చెదలు తినేశాయి కాబట్టి ఇక అవే ఆధారం. ఆవిడేమో ఆదివారం వేరే ఊరికి వెళ్లి దుకాణం పెడుతోంది. ఫైళ్లకి మూడు ఫ్లాపీలు కావాలి, చూస్తే మిగిలింది ఒక్కటే.

"వీటన్నిటినీ చిన్నగా నొక్కి మూటగట్టే ప్రోగ్రామ్ కావాలి తల్లీ. ఆవిడ కొత్త దుకాణంలోని కంప్యూటర్లో కూడా విప్పుకునేలా ఉండాలి" అని తమ్ముడి కూతురికి పురమాయించాడు. లైబ్రరీలో పని చేస్తోంది కాబట్టి ఆమెకి ఏదైనా దొరుకుతుందని ఆయన నమ్మకం.

ఆమె షాపుకెళ్లి కంప్యూటర్ పేరు చెప్పింది.

"అది ఫ్యాన్ల కంపెనీ కదండీ?" అన్నాడు షాపతను.

రెండో షాపులో కాలిక్యులేటర్ చూపించారు. మూడో షాపుకి వచ్చేసరికి తనేం అడుగుతోందో ఆమెకే అర్థం కాలేదు.

చివరికి ఓ పాత పత్రికలో ఆ కంప్యూటరున్నవాళ్ల సంఘం చిరునామా దొరికింది. ఉత్తరం రాస్తే, గురువారం ఆ సంఘం కార్యదర్శి దగ్గర్నుంచి ప్రోగ్రామ్ వచ్చింది. మూటలు విప్పే ఆ ప్రోగ్రామ్‌ని ఆయన అదే ప్రోగ్రామ్‌తో మూటగట్టి పంపాడు! మూట విప్పాలంటే అది కావాలి, అదేమో మూటలో ఉంది. ఆమెకి తల తిరిగిపోయింది.

"ఎంత పొందికైన మనిషో!" అని పెదనాన్న మురిసిపోయాడు.

"పొందికా నా బొందా! ఆవిడ ఆదివారం వెళ్లిపోతోంది పెదనాన్నా!"

ఫోన్ చేస్తే కార్యదర్శి ఆశ్చర్యపోయాడు. "ఇంతవరకూ ఎవరూ చెప్పలేదే!"

"మీ సంఘంలో ఎంతమందండీ?"

"మీతో కలిపి ఇద్దరం."

ఏమైతేనేం, శనివారానికి విప్పిన ప్రోగ్రామ్ వచ్చింది. ఫైళ్లన్నీ ఫ్లాపీలో పట్టేశాయి. అయినా పెదనాన్న ఊరుకోలేదు. రాత్రంతా కూర్చుని, ఇంకా నొక్కి సగం ఫ్లాపీకి తెచ్చాడు.

ఆదివారం సామాను లారీకెక్కుతుంటే తమ్ముడి కూతురు విసుక్కుంది. "పట్టేశాయి కదా, మళ్లీ ఎందుకంత అవస్థ?"

"అక్కడ కొత్త కొలతలు వస్తాయి కదే. ఆవిడకి చోటుండొద్దూ?"

ఫ్లాపీ అందుకుంటూ కుట్టుపని ఆవిడ నవ్వేసింది. "బాబాయిగారు ఎప్పుడూ ఇంతేనమ్మా. నేను మిషను వేసుకున్న హాలు ఎవరిదనుకున్నావు? వీరిదే. సామానంతా ఆ చిన్న గదిలో కుక్కుకుని, ఇది ఖాళీగానే ఉందిలే, వాడుకో అన్నారు. అద్దె ఇస్తానంటే కోప్పడేవారు."

తమ్ముడి కూతురు ఇన్నేళ్లూ ఆ హాలు వేరేవాళ్ల వాటా అనుకుంటోంది. పెదనాన్నని చూస్తే ఒక్కసారిగా ముద్దొచ్చేశాడు.

"ఇకనైనా కాళ్లు చాపుకుని హాయిగా ఉండు" అంది, లారీ కదిలాక.

పెదనాన్నకి వినబడితేగా! హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి అడుగులు కొలుస్తున్నాడు.

"తల్లీ, గడియారాలు బాగుచేసే ఆయన చోటు వెతుక్కుంటున్నాడట. ఆయన బల్ల ఎంతుంటుందంటావ్?"