మా గల్లీ గడియారాలన్నీ ఆపిన రేడియో

నిన్న గోడ గడియారంలో సెల్ మారుస్తుంటే నవ్వాగలేదు. పుప్పాలగూడ దోస్తులూ, గుర్తుందా? హైటెక్ సిటీ కొత్తగా లేస్తున్న రోజులు. తాత పోయాక మూగబోయిన చెక్కపెట్టె రేడియోను నాన్న విప్పాడు. కంపెనీ పేరు చెరిగిపోయినా, లోపల బల్బుల్లాంటి వాల్వుల మీది నంబర్లు చూసి అది బ్యాటరీ రేడియో అని పోల్చుకున్నాడు. దానికి కావాల్సిన తొంభై వోల్టుల బ్యాటరీ బజారులో ఎప్పుడో మాయమైంది.

"ఒక్కో సెల్లు ఒకటిన్నర వోల్టు. అరవై సెల్లులు వరుసగా కలిపితే సాలు," అన్నాడు.

అక్కా నేనూ ఇంటింటికీ తిరిగి గడియారాల్లోంచి సెల్లులు పీక్కొచ్చాం. సాయంత్రం గల్లీ అంతా మా వాకిట్లో చేరింది. మీట తిప్పగానే రేడియో గరగరలాడి, "సమయం ఆరు గంటల పదిహేను నిమిషాలు" అంది.

నాన్న ఎగిరి గంతేశాడు. "టైం కరెక్టేనా? జర మీ గడియారాలు చూసి చెప్పుండ్రి!"

పక్కింటి యాదమ్మత్త పకపకా నవ్వింది.

"ఏం చూడాలె అన్నా? గల్లీల గడియారాలన్నీ నీ రేడియో కోసమే ఆగినయ్ గద!"