ఎర్రకారు ముందు చక్రాలు

నా చిన్నప్పుడు కడపలో మా ఇంట్లో అనుమానం లేని మనిషంటూ లేరు. మా జేజి, అంటే మా నాయన వాళ్ళమ్మ, బెల్లం డబ్బాకు తాళం వేసి, తాళంచెవి కొంగుకు ముడేసుకుని, ఆ ముడి ఎవరైనా విప్పారేమోనని గంటకోసారి తడిమి చూసుకునేది. మా చిన్నాయనకు పాలమనిషి మీద, పేపరు వేసే మనిషి మీద, చివరికి వానమబ్బు మీద కూడా అనుమానమే. నేనూ ఆ ఇంటి పిల్లనే కదా, ఎక్కడికి పోతుంది ఆ గుణం!

బండల వ్యాపారంలో నాలుగు రాళ్ళు వెనకేసుకున్న చిన్నాయన బెంగళూరు నుంచి పాత స్పోర్ట్స్ కారొకటి కొనుక్కొచ్చాడు. ఎర్రగా, నేలను రాసుకుంటూ పోతున్నట్టుండేది. రెండే సీట్లు, పైన కప్పు లేదు. జేజి దాని చుట్టూ తిరిగి చూసి, "మిగతా సగం యాడ పెట్టొచ్చినావురా?" అంది.

ఆ ఏడు దసరా వెళ్ళిన వారంలో, రాయచోటిలో ఉన్న మా అత్తను తీసుకురమ్మని చిన్నాయన ఆ కారిచ్చి డ్రైవరు మామను పంపాడు. చుట్టం కాదు, నేను పుట్టకముందు నుంచీ మా లారీ తోలిన మనిషి; పిల్లలం మామా అని పిలిచేవాళ్ళం. గువ్వలచెరువు ఘాటులో మలుపు మలుపుకీ బ్రేకు తొక్కేసరికి ముందు చక్రాలు రెండూ పట్టేశాయట. ఏదో లారీ పట్టుకుని తిరిగొచ్చి చెప్పాడు. చిన్నాయన వెంటబెట్టుకుని పోయి చూస్తే, చక్రాలు చక్కగా తిరుగుతున్నాయి. కారు ఏ తకరారూ లేకుండా ఇంటికొచ్చింది.

"బండి బాగానే ఉండాదే! యాడ తిరిగొచ్చినావప్పా?" అన్నాడు చిన్నాయన.

"పట్టేసింది సార్. అబద్ధం చెప్పి నాకేం వస్తాది?" అన్నాడు మామ.

సాయంత్రం మా అత్త సంచులు మోసుకుంటూ బస్సు దిగి వచ్చి, గుమ్మంలోనే తిట్లు మొదలుపెట్టింది. మామ మాట ఇంక ఎవరూ వినలేదు.

రెండ్రోజులకు చిన్నాయనే నడుపుతుంటే ఊళ్ళోనే మళ్ళీ పట్టేసింది. అప్పుడు నమ్మాడు గానీ అనుమానం ఇంకో దారి పట్టింది. తిట్టినందుకు కక్షతో డ్రైవరే ఏదో చేశాడన్నాడు. అదేదో బయటపడగానే మామను పంపేయాలని తీర్మానం అయిపోయింది. ఆ నిందతో మా ఇల్లు దాటితే కడపలో ఇంకెవరూ ఆయన చేతికి బండి ఇవ్వరని నాకే తెలుసు, ఆయనకు తెలియకుండా ఉంటుందా? ముఖం వాడిపోయింది పాపం.

ఆదివారం పొద్దున చిన్నాయన వీధిలో చుట్లు కొట్టి, కావాలనే బ్రేకులు తొక్కి తొక్కి, చక్రాలు బిగుసుకుంటుండగా కారును వాకిట్లోకి తెచ్చాడు. మామను గోడ దగ్గర నిలబెట్టారు. జేజి ఎదురుగా పీటేసుకుని కాపలా కూర్చుంది. "చేతులు కనపడేట్టు పెట్టప్పా" అని కూడా అంది. ఆయన రెండు చేతులూ ముందుకు పెట్టుకుని నిలబడ్డాడు.

జాకీతో ఎత్తి తిప్పితే ముందు చక్రం కదల్లేదు. దాని దగ్గరున్న చిన్న మర వదులు చేయగానే బ్రేకు ఆయిలు చివ్వున చిమ్మి, చక్రం తిరిగింది. అంటే తొక్కినప్పుడు పోయిన ఆయిలు, కాలు తీశాక వెనక్కి రావడం లేదు. చల్లారితే మెల్లగా వస్తోంది. ఘాటులో జరిగింది అదే. చిన్నాయన ముందుభాగం తెరిచాడు. ముందు చక్రాలకొకటి, వెనక చక్రాలకొకటి ఆయిలు సీసాలున్నాయి. ముందుదాని మూత తీస్తే లోపలి రబ్బరు నానిన శనగలా ఉబ్బిపోయి ఉంది. వేలు ముంచి వాసన చూశాడు.

"శెనక్కాయ నూనె!"

అందరం మామ వైపే చూశాం. జేజి మాత్రం తన కుడిచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది.

ఆయుధపూజ నాడు మా ఇంట్లో ఇనుమన్నదానికల్లా బొట్టూ, చుక్క నూనే పడాల్సిందే. కత్తిపీట, కుట్టుమిషను, సైకిలు గొలుసు, ఏదీ వదలరు. ఆ పూట పూజకని ముందుభాగం తెరిచిపెట్టిన కారు దగ్గరికి నూనెగిన్నెతో వెళ్ళింది జేజి. ఆమె పోయడం ఎవరూ చూడలేదు. ఊరుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.

లేచి మామ ముందుకు వెళ్ళింది. "నేనే పోసినా అప్పా. అన్నిటికీ పెట్టి, ఆ సీసాలో ఒకదాంట్లో నూనె తక్కువుండాదే పండగ పూట, అని పోసినా. నీ తప్పేమీ లేదు."

ఆయన చేతులు ఇంకా దించలేదు. "దొంగ మాదిరి నిలబెట్టినారు గదమ్మా" అన్నాడు. 

"నిలబెట్టినా. ఇప్పుడు నేను నిలబడతా."

ఆయన్ను పక్కకు జరిపి, అదే గోడ దగ్గర, రెండు చేతులూ ముందుకు పెట్టుకుని నిలబడింది. నూనెంతా తీసి, గొట్టాలు కడిగి, చెడిన రబ్బర్లన్నీ విప్పేదాకా మిట్టమధ్యాహ్నం ఎండలో అట్లాగే ఉంది. బతిమాలినా కూర్చోలేదు. చివరికి మామే కళ్ళు తుడుచుకుని పీట తెచ్చి వేస్తే, అప్పుడు కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది.

నా అనుమానం ఇప్పటికీ పోలేదు. కాకపోతే ఎవరి పేరైనా నోటిదాకా వచ్చేసరికి, కుడిచెయ్యి దానంతటదే ముక్కు దగ్గరికి పోతుంది. మనవరాళ్ళు చూసి నవ్వుతారు. మొన్న నా చెవికమ్మ ఒకటి కనపడక, పనిచేసే అమ్మాయిని పిలవబోయి ఆగి, చెయ్యి వాసన చూసుకున్నాను. కమ్మ ఇంకా దొరకలేదు. ఆ పిల్లను మాత్రం అడగలేదు.