మూడుసార్లు వెలిగిన పెట్టె

స్తంభం ఎక్కేముందు చేతిలోని పట్టకారుతో దాన్ని మూడుసార్లు కొట్టి, బదులు కోసం చెవి రిక్కించడం ఆ లైన్‌మన్‌కు అలవాటు. "ఎవరైనా తలుపు తీశారా అన్నా?" అని దారినపోయేవాళ్లు ఆటపట్టించేవారు. "తాళం వేసుకుని పోయారు తమ్ముడూ" అని నవ్వేసేవాడు.

ఆ అలవాటు వెనక కథ నవ్వినంత తేలిక కాదు. ఫోన్లు చేతికి రాని రోజుల్లో అతనూ, అతని జోడీ పొడుగాయనా చెరో స్తంభం దగ్గర నిలబడి అలాగే మాట్లాడుకునేవారు. మూడు కొడితే 'ఎక్కనా?' అని. అటునుంచి ఒకటి వస్తే 'ఎక్కు', మూడొస్తే 'ఆగు'. పద్దెనిమిదేళ్ల కిందట ఇతను జ్వరంతో ఇంట్లో ముసుగుతన్ని పడుకున్న రోజున, కరెంటు తీసేశారని నమ్మి పొలాల చివరి స్తంభం ఎక్కిన పొడుగాయన ప్రాణంతో దిగలేదు.

ఆ స్తంభానికే ఈ ఏడాది బిస్కెట్ డబ్బా అంత పెట్టె బిగించారు. ఉన్న కరెంటు తీగల మీదే ఇంటర్నెట్ పంపే పెట్టె అది. కరెంటుంటే దాని పచ్చలైటు వెలుగుతుంది, లేకపోతే ఆరుతుంది. ఈ వింతను జనానికి చెప్పే పని లైన్‌మన్ నెత్తిన పడింది. "నెట్టు ఆకాశంలోంచి రాదమ్మా, మీ గోడకున్న ప్లగ్గులోంచే వస్తుంది" అని ఇంటింటికీ చెప్పుకొచ్చాడు.

ఆ లైనులో చిట్టచివరి ఇల్లు పొడుగాయన భార్యది. ఆమె కూతురికి ఆ రోజు నాలుగింటికి కంప్యూటర్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూ. మధ్యాహ్నం గాలికి కొమ్మ విరిగిపడి, చివరి స్తంభం దగ్గర తీగ తెగింది. వార్త అందేసరికి రెండున్నర.

సబ్‌స్టేషన్ ఆపరేటర్ చేత కరెంటు తీయించి, లైన్‌మన్ హడావిడిగా సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. తీగల మీద విసిరి కరెంటును భూమిలోకి దింపే గొలుసు సైకిలు సంచిలోనే ఉంది. టైము లేదని దాన్ని ముట్టుకోలేదు. పైన పెట్టె లైటు ఆరే ఉంది. అలవాటుగా మూడు కొట్టి, రెండడుగులు ఎక్కాడు.

ఎర్రటి ఎండ. గాలి ఎప్పుడు ఆగిపోయిందో తెలియదు. తలెత్తేసరికి పచ్చలైటు వెలిగింది, ఆరింది. మళ్లీ వెలిగింది, ఆరింది. మూడోసారీ వెలిగింది.

వీపు మీద ఎవరో తడిచేయి వేసినట్టయింది. దిగి, ఆపరేటర్‌కు ఫోన్ చేశాడు.

"కరెంటు ఇచ్చావా?"

"అయ్యో, లేదన్నా! స్విచ్చుకు తాళం వేశాను. తాళంచెవి నా జేబులోనే ఉంది."

గొలుసు తీసి తీగల మీదకు విసిరాడు. నీలిమంట భగ్గున లేచింది. ఆ వెంటనే దూరాన ఇంటి వైపు ఏదో మోటారు గుర్రుమని ఆగిపోయింది.

గొలుసు అలాగే వదిలేసి అటు పరుగెత్తాడు. వాకిట్లో జనరేటర్. రెండు కొసలా ప్లగ్గులున్న వైరు దాంట్లోంచి గోడ ప్లగ్గులోకి. ఇంట్లోంచి కరెంటు ఎదురెక్కి లైను తీగల్లోకి వచ్చింది. పక్కనే బిక్కమొహంతో పిల్ల.

"ఇదేం పనే తల్లీ!"

"మీరేగా బాబాయ్ చెప్పారు, నెట్టు ప్లగ్గులోంచి వస్తుందని! ప్లగ్గులోకి కరెంటు పంపితే నెట్టు కూడా లేస్తుందనుకున్నా."

"నెట్టు లేవడం కాదే, నేను పైకి పోయేవాణ్ణి!" అన్నాడు. నవ్వబోతే పెదవులు కదల్లేదు. జనరేటర్ వైపు చూస్తూ అడిగాడు: "మోటారు మూడుసార్లు ఆగి ఆగి అందుకుందా?"

"లేదు బాబాయ్. ఒక్క లాగుకే అందుకుంది."

గుమ్మంలో నిలబడ్డ పొడుగాయన భార్య అతని మొహం వంక చూసి, మంచినీళ్లు తెచ్చిచ్చింది. వైరు పీకి చంకన పెట్టుకుని వెనక్కి వెళ్లాడు. ఈసారి గొలుసు తీగల మీద ఉండగానే పని ముగించాడు. నాలుగుకు ఐదు నిమిషాలుండగా ఆ ఇంట్లో నెట్టు వచ్చింది. పిల్లకు ఉద్యోగమూ వచ్చింది.

తర్వాత లైటు సంగతి విని ఇంజనీరు వచ్చి పెట్టె విప్పి చూశాడు. "మిణుకుమిణుకుమనే ఏర్పాటే దీంట్లో లేదండీ. కావాలంటే మార్చేస్తాను."

"వద్దు సార్," అన్నాడు లైన్‌మన్ గబుక్కున. "దాన్నలా ఉండనివ్వండి."

ఇప్పుడు గొలుసు వేసిన తర్వాతే స్తంభాన్ని మూడుసార్లు కొడతాడు. చెవి రిక్కించాడనే అందరూ అనుకుంటారు గానీ, ఆ రోజు నుంచీ అతను వినడం లేదు. బదులు కోసం పైకి చూస్తున్నాడు.