ఉన్ని దువ్విన వాళ్ల మనవరాలు

చలికాలం ఉదయాల్లో నార్త్ యార్క్ సబ్‌వేలో తడిసిన ఉన్ని కోట్ల వాసన తగలగానే నాకు మార్గరెట్ మేడమ్ గుర్తొస్తారు. వెంటనే కోపమూ వస్తుంది. చదువు కోసం ఈ దేశం వచ్చి ఒషావాలో నేను చేరిన కాలేజీలో ఆవిడ బ్రిటన్ చరిత్ర చెప్పేవారు. కంప్యూటర్ కోర్సు చేస్తున్న నాకు అది క్రెడిట్ల కోసం తీసుకున్న సబ్జెక్టు, అంతే. మొదటి క్లాసులో పుస్తకం నుంచి ఒక వాక్యం నాచేత చదివించారు: "పందొమ్మిదో శతాబ్దంలో చేతిపనివారు క్రమంగా ఫ్యాక్టరీలకు మారారు."

"మారారా? అద్దె ఇల్లు మారినట్టా?" అన్నారు మేడమ్.

ఆవిడ పూర్వీకులు యార్క్‌షైర్‌లో ఉన్ని దువ్వేవాళ్లట. ఇంట్లోనే బొగ్గుల పొయ్యి మీద దువ్వెనలు వేడిచేసి, చిక్కుపడ్డ ఉన్నిని సాపు చేసేవారు. ఆ పొగకు దగ్గుతూనే బతికారు గానీ, ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో వాళ్లిష్టం. దువ్వే యంత్రాలొచ్చాక ఆ పని వాళ్లకు ఇచ్చేవాళ్లే లేకపోయారు. మేడమ్ ముత్తాతగారి తల్లిని మిల్లులో పెట్టుకున్నారు, ఆడదానికి తక్కువ కూలి ఇస్తే చాలని. భర్తను గేటు దగ్గర నుంచే పంపేశారు. గంట మోగాక వస్తే ఆమెకు జరిమానా. "పొగ మంచిదని నేననను, యంత్రం చెడ్డదనీ అనను. వాళ్లను ఒక్క మాట అడిగారా?" అని బల్ల మీద అరచేత్తో కొట్టారు.

మరుసటి ఏడు, విద్యార్థులకు వీలుగా ఉంటుందని కాలేజీ ఆవిడ పాఠాలన్నీ రికార్డు చేయించింది. ఆ తర్వాత నా రూమ్మేట్ స్రవంతి అదే కోర్సు తీసుకుంది. ఒకరోజు, "అక్కా, వీడియోల్లో మేడమ్ బాగా చెప్తున్నారు. డౌట్లు మెయిల్ చేస్తే మాత్రం రిప్లై రావట్లేదేంటి?" అంది. నేను ఫోన్ చేశాను.

"నా కాంట్రాక్టు పొడిగించలేదు. నీకు తెలియదా?" అన్నారు మేడమ్.

నా ఒళ్లు మండిపోయింది. మనిషిని తీసేసి గొంతు ఉంచుకున్నారు! మేడమ్, స్రవంతి, నేను ముగ్గురం కలిసి కాలేజీ డీన్ దగ్గరికి వెళ్లాం. ఆయన చిరునవ్వుతో, "పాఠం చెప్పే పద్ధతి మారింది, అంతే" అన్నాడు.

"మారలేదు, మీరు మార్చారు. ఆ మాట మీ నోటితో అనండి," అన్నారు మేడమ్.

డీన్ వాచీ చూసుకున్నాడు. వీడియోలు తీసేయమంటే, కాంట్రాక్టు ప్రకారం అవి కాలేజీవే అన్నాడు. బయట మెట్లు దిగుతున్నాం. "ఏం సాధించాం మేడమ్?" అన్నాను.

"ఏమీ లేదు. కానీ తనకు తెలియదని ఇకపై అతను అనలేడు."

ఆవిడకు మళ్లీ ఎక్కడా పాఠం చెప్పే పని దొరకలేదు. ఆవిడ చనిపోయి రెండేళ్లవుతోంది. ఆ వీడియోలు ఇంకా నడుస్తున్నాయట!

పోయిన నెల మా ఆఫీసులో ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే ఇద్దరు టెస్టర్లచేత వాళ్ల పనంతా ఒక సాఫ్ట్‌వేర్‌కు నేర్పించి, ఇద్దరినీ తీసేశారు. మీటింగులో మేనేజర్, "రోల్స్ ఎవాల్వ్ అవుతుంటాయి" అన్నాడు, ఉద్యోగాలు వాటంతటవే మారిపోతాయన్నట్టు. నా వర్క్ పర్మిట్ ఈ ఉద్యోగంతోనే ముడిపడి ఉంది, ఇది పోతే ఈ దేశంలో ఉండనివ్వరు. అయినా లేచాను. "ఎవరు నిర్ణయించారు? వాళ్లిద్దరికీ ముందే చెప్పారా?" అని అడిగాను.  మేనేజర్ తర్వాతి స్లయిడ్ వేశాడు. పక్కనున్నవాళ్లు కూర్చోమంటున్నారు. "మేమే నిర్ణయించాం, వాళ్లకు చెప్పలేదు" అని మేనేజర్ తన నోటితో జవాబు చెప్పేదాకా నేను కూర్చోలేదు.