మూసెయ్ అంటే తీసెయ్ అని రాశాను

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. గట్టిగా చెప్పుకునే మాట కాదిది. తొమ్మిదేళ్ళుగా గుండెల మీద ఉంది. అన్నం తింటున్నప్పుడూ ఉంది, నలుగురిలో నవ్వుతున్నప్పుడూ ఉంది. నేను చదివింది ఐదో తరగతి. అయితే చెవిన పడ్డ మాట ఒక్కటీ మరిచిపోను. ఎవరి పెళ్ళిలో ఎవరు ఏ కూరలో ఉప్పు తగ్గిందన్నారో ఇప్పటికీ చెప్పగలను. ఆ జ్ఞాపకంతోనే ఒక మనిషిని మోసం చేశాను.

ఆ మనిషి మా మరిది. ఓడల మీద ఇరవై ఏళ్ళు ఇంజను పని చేసి, గాజువాకలో మా ఇంటి పై వాటాలో దిగాడు. దిగాక కథలు రాయడం మొదలుపెట్టాడు. ఏ కథలనుకున్నారు? ఆకాశంలో యుద్ధాలు. నక్షత్రాల మధ్య తిరిగే యుద్ధనౌకలు, వాటిలో ఇంటి మీద బెంగపెట్టుకున్న సిపాయిలు. అలాంటివి రాసేవాళ్ళ ఇంగ్లీషు పుస్తకాలు, అట్టలు ఊడిపోయినవి, ఒక ట్రంకు పెట్టె నిండా ఉండేవి. వాళ్ళలో ఎవరు నిజంగా యుద్ధానికి వెళ్ళొచ్చారో, ఎవరు ఇంట్లో కూర్చుని ఊహించారో నాలుగు పేజీలు చదివి చెప్పేసేవాడు.

"యుద్ధం సూడనోడు తుపాకుల గురించి రాత్తాడొదినా. సూసినోడు తలుపుల గురించి రాత్తాడు" అనేవాడు. నాకు అర్థమయ్యేది కాదు. తలుపుల గురించి రాయడానికి ఏముంటుంది?

నవల సగంలో ఉండగా షుగరు వల్ల అతని చూపు పోయింది. రాసిపెట్టమని నన్నడిగాడు. మధ్యాహ్నం గిన్నెలు కడిగేసి మేడ మీదికి వెళ్ళేదాన్ని. అతను చెప్పేవాడు, నేను రాసేదాన్ని. రాసింది మళ్ళీ చదివి వినిపించేదాన్ని. చూపు పోకముందు నా పచారీ చీటీలు చదివినవాడు కదా, ఊరుకునేవాడు కాదు.

"నీ స్పెల్లింగులు సూత్తే శత్రువులు లొంగిపోతారొదినా."

"ఆల్లు లొంగిపోతే నీకు కథేదీ?" అనేదాన్ని.

చివరి అధ్యాయానికి వచ్చాం. నౌకకి చిల్లు పడింది. లోపలి గాలంతా బయటికి పోతోంది. చిల్లు పడ్డ గదిలో చిన్నయ్య అనే సిపాయి ఉన్నాడు. ఆ గది తలుపు మూస్తేనే మిగతా వాళ్ళు బతుకుతారు. కెప్టెన్ 'తలుపు మూసెయ్' అంటాడు. నా కలం ఆగింది.

"ఏటొదినా, ఆపీసావు?"

"సిన్నయ్యని సంపీకు బాబూ. ఇంకో నిమిసం ఆగితే బయటికొచ్చీత్తాడు కదా."

"ఇంకో నిమిసం లేదు. రాయి. మూసెయ్."

"నాకు సెయ్యి రావట్లేదు."

"నాకూ రాలేదు" అన్నాడు. మళ్ళీ, "రాయొదినా" అన్నాడు.

నేను 'తీసెయ్' అని రాశాను. మూ బదులు తీ. ఒక్క అక్షరం. ఆ తర్వాత నాలుగు వాక్యాలు నా సొంతం. తలుపు తెరుచుకుంది, చిన్నయ్య పాక్కుంటూ వచ్చాడు, అందరూ కలిసి చిల్లు పూడ్చారు. చదవమన్నాడు. చూపు కాగితం మీద పెట్టి, అతను చెప్పింది చెప్పినట్టు, ఒక్క ముక్క పొల్లు పోకుండా అప్పజెప్పాను. "అద్దీ" అన్నాడు.

ఎందుకు చేశాను? ఇంట్లో పిల్లలకు కథ చెప్పినప్పుడు నేను ఎవర్నీ చంపను, అది నా అలవాటు, ఆ జాలితోనే రాశాను అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. జాలేనా? కాదు. నీకంటే నాకే కథ చెప్పడం బాగా వచ్చునన్న గర్వం. 'నాకూ రాలేదు' అన్న మాట చెవిన పడి కూడా అదేమిటని అడగలేదంటే, ఇంకేమంటారు దాన్ని?

పుస్తకం అచ్చయింది. మొదటి ప్రతి గోదావరి వైపు ఒక ఊళ్ళో ఉన్న ఒకావిడకి పంపమన్నాడు. అప్పుడు చెప్పాడు. చిన్నయ్య ఆవిడ కొడుకు, అది ఇంట్లో పిలిచే పేరు. ఓడలోకి నీళ్ళొచ్చిన రోజు చిన్నయ్య ఉన్న గది తలుపు మూసింది మా మరిదే. ఎన్నిసార్లు ఉత్తరం రాయబోయినా చేతకాలేదట. ఆ మాటను నక్షత్రాల దాకా మోసుకెళ్తే గాని బయటికి రాలేదు. ఆ నవలే ఆవిడకు ఉత్తరం.

అప్పుడైనా చెప్పొచ్చు కదా? పోస్టాఫీసు దాకా నడుస్తూ ప్రతి మలుపులోనూ వెనక్కి తిరుగుదామనుకున్నాను. తిరగలేదు. పంపేశాను.

నెల తిరక్కుండా జవాబొచ్చింది. చదివిపెట్టాల్సింది నేనే. ఆవిడ ఇలా రాయించింది: 'బాబూ, కథలోనైనా నా కొడుకుని బయటికి తెచ్చావు. అది చదివించుకున్న రోజు కడుపునిండా అన్నం తిన్నాను.' మా మరిది ఎదురుగా కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. ఉన్నది చదివితే నా పని బయటపడుతుంది. మళ్ళీ కాగితం మీదే చూపు పెట్టాను. "నువ్వే మూశావని తెలిసింది. నీ మీద కోపం లేదు బాబూ" అని చదివాను.

తువ్వాలుతో మొహం కప్పుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఆ తర్వాత ఒక్క కథా చెప్పలేదు. "ఇంక రాయడానికేటీ లేదొదినా" అన్నాడు. రెండేళ్ళకు పోయాడు. మనశ్శాంతితో పోయాడని అందరూ అన్నారు.

ఆ తల్లి చెప్పని మాటను ఆవిడ నోటి మాటగా నేను పుట్టించాను. ఆవిడ ఉందో లేదో తెలియదు. నిజం రాస్తే ఆవిడ కొడుకు రెండోసారి పోతాడని ఊరుకున్నాను. ఆవిడ కోసమే ఊరుకున్నానా, నా కోసమా? తేల్చుకోలేకపోయాను.

పోనీలే, క్షమించేశాం అని మీరు అనొద్దు. ఆ మాట ఎంత తేలిగ్గా పుట్టించవచ్చో నాకు తెలుసు. చెప్పాను, విన్నారు. ఊపిరి కొంచెం లోపలికి దిగుతోంది, అంతే.

మీ ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలి. మీ పేరున వచ్చిన ఉత్తరాన్ని ఉన్నదున్నట్టు చదివిపెట్టే మనిషి మీ ఇంట్లో ఎప్పుడూ ఉండాలి.